సర్వర్ సర్టిఫికెట్ తనిఖీని ఆపేయడం పరిష్కారం కాదు: డెల్టా ఇంజనీరింగ్ కళాశాలల అధ్యాపకులకు బహిరంగ లేఖ

గోదావరి డెల్టాలోని ఇంజనీరింగ్ కళాశాలల్లో కంప్యూటర్ సైన్సు బోధిస్తున్న అధ్యాపకులకు, ప్రాజెక్టు గైడ్‌లకు, ల్యాబ్‌ల బాధ్యత చూస్తున్నవారికి నమస్కారం.

నేను భీమవరంలో ఉంటూ రొయ్యల చెరువుల మీద పెట్టే పరికరాల కోసం సర్వర్ ప్రోగ్రాములు రాస్తున్నాను. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్, నీటికి గాలి అందించే ఏరియేటర్లను ఆన్ చేసి ఆఫ్ చేసే స్టార్టర్ పెట్టె, రైతు ఫోనుకు వెళ్లే హెచ్చరిక, వీటి మధ్య నడిచే సమాచారమంతా నోడ్ జేఎస్‌లో (జావాస్క్రిప్ట్‌తో సర్వర్లు నడిపే సాధనం) రాసిన సర్వర్ల గుండానే పోతుంది. ఈ పనిలో చేరడానికి వచ్చేవారిలో ఎక్కువమంది మీ విద్యార్థులే. జావాస్క్రిప్ట్ బాగా వచ్చు, కష్టపడతారు, చెప్పింది త్వరగా పట్టుకుంటారు. కానీ వారి చివరి సంవత్సరం ప్రాజెక్టులు తెరిస్తే, సురక్షిత కనెక్షన్ పెట్టినచోటల్లా దాదాపు ఒకే పంక్తి కనబడుతోంది: ‘రిజెక్ట్ అన్‌ఆథరైజ్డ్’ అనే ఆప్షన్‌కు ‘ఫాల్స్’ అనే విలువ, అంటే అవతలి సర్వర్ సర్టిఫికెట్‌ను పరీక్షించవద్దని. ఎందుకు పెట్టావని అడిగితే, అది లేకపోతే ఎర్రర్ వస్తోందని, గైడ్ గారే పెట్టమన్నారని చెబుతున్నారు. ఆ ఎర్రర్ ఏమంటోందని అడిగితే జవాబు ఉండదు.

ఇందులో విద్యార్థిని తప్పుపట్టలేను. గడువు దగ్గరపడింది, ప్రాజెక్టు నడవాలి, పెద్దవారు ఒక దారి చూపించారు. ఆ దారిని మార్చగలిగినవారు మీరే కాబట్టి మీకే రాస్తున్నాను.

సురక్షిత కనెక్షన్‌కు వాడే టీఎల్‌ఎస్ అనే పద్ధతి ముఖ్యంగా రెండు పనులు చేస్తుంది. సమాచారాన్ని దారిలో ఎవరూ చదవకుండా, మార్చకుండా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. అవతల ఉన్నది మనం పిలిచిన సర్వరేనా అన్నది దాని గుర్తింపు పత్రమైన సర్టిఫికెట్ చూసి తేలుస్తుంది. మనం ఏమీ చెప్పకపోతే నోడ్‌లో ఆ ఆప్షన్ విలువ ‘ట్రూ’. దాన్ని ఫాల్స్ చేస్తే ఎన్‌క్రిప్షన్ అలాగే ఉంటుంది, అవతలివారెవరన్న పరీక్ష మాత్రం పోతుంది. ఆ పరీక్ష పోయాక ఎన్‌క్రిప్షన్‌కు పెద్ద విలువ మిగలదు. దారి మధ్యలో కూర్చున్నవాడు తన సొంత సర్టిఫికెట్ చూపించి మనతో ఒక కనెక్షన్, అసలు సర్వర్‌తో మరొక కనెక్షన్ పెట్టుకుంటాడు, మధ్యలో అంతా చదువుతాడు, కావాలంటే మారుస్తాడు. ఉత్తరానికి లక్క ముద్ర వేసి, ఎవరని అడగకుండా తలుపు తట్టినవాడి చేతికి ఇచ్చేసినట్టు. నెట్‌వర్క్‌లో పోయే సమాచారాన్ని చూపే వైర్‌షార్క్‌లో చూస్తే అర్థంకాని అక్షరాలే కనబడతాయి కాబట్టి విద్యార్థి సురక్షితమేనని నమ్ముతాడు. మార్కులు వేసేవారూ అదే నమ్ముతారు. నా దృష్టిలో ఎన్‌క్రిప్షన్ లేని సాదా కనెక్షన్ కంటే ఇదే ఎక్కువ ప్రమాదం. సాదా కనెక్షన్ పెట్టినవాడికి కనీసం తనకు రక్షణ లేదన్న సంగతి తెలుసు.

‘చెరువులో ఆక్సిజన్ ఎంతుందో ఎవరికో తెలిస్తే నష్టమేమిటి’ అనే మాట కూడా వింటుంటాను. నిజమే, ఆ అంకె రహస్యం కాదు. కానీ ఉండి, ఆకివీడు, కాళ్ల వైపు చెరువు గట్ల మీద రాత్రి కాపలా ఉన్నవారిని అడగండి, తెల్లవారుజామున ఏం జరుగుతుందో చెబుతారు. పగలు ఎండలో నీటిలోని ప్లాంక్టన్ ఆక్సిజన్ విడుదల చేస్తుంది. చీకటి పడ్డాక విడుదల ఆగుతుంది, వాడకం మాత్రం ఆగదు. రొయ్యలూ, ప్లాంక్టన్, అడుగున కుళ్లే మేతా అన్నీ కలిసి తెల్లవారే లోపు డీవోను (నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను) అట్టడుగుకు దించేస్తాయి. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే కిందకు పోతోందంటే వనామి రొయ్యల రైతు గుండె దడదడలాడుతుంది. ఆ వేళ ఏరియేటర్ ఆగిపోతే నెలల తరబడి పెంచిన పంట ఒక్క పూటలో పోతుంది. మన సర్వర్ నుంచి స్టార్టర్ పెట్టెకు వెళ్లేది రెండే రెండు మాటలు: ఆడించు, ఆపు. ఆ మాటలు ఎవరైనా చదివినా ఫరవాలేదు. ‘ఆపు’ అన్నది నిజంగా మన సర్వరేనా అన్నదే ప్రాణం. విద్యార్థి సులువుగా తీసిపారేస్తున్నది సరిగ్గా ఆ పరీక్షనే.

అందువల్ల నేను మొదట కోరేది మీకు వింతగా అనిపించవచ్చు. టీఎల్‌ఎస్ కంటే ముందు సాదా కనెక్షన్‌ను శ్రద్ధగా నేర్పండి. ఇప్పుడు చాలామంది పిల్లలు నేరుగా ఎక్స్‌ప్రెస్ అనే లైబ్రరీతో మొదలుపెట్టి, కింద సాకెట్ (రెండు ప్రోగ్రాముల మధ్య కనెక్షన్ కొస) అనేది ఒకటుందని తెలియకుండానే డిగ్రీ పూర్తి చేస్తున్నారు. నోడ్‌లో ‘నెట్’ మాడ్యూల్ చాలా చిన్నది. క్రియేట్ సర్వర్‌తో ఒక సర్వర్, కనెక్ట్‌తో ఒక క్లయింట్, రెండిటి మధ్య రాయడం, చదవడం. ఒక పూట ల్యాబ్‌లో అయిపోతుంది. పది వాక్యాలు పంపితే అవతల పది ‘డేటా’ ఈవెంట్లు రావని, సాకెట్ కింద నడిచే టీసీపీ అనేది సందేశాల వరస కాదని, బైట్ల ప్రవాహమని, సందేశం ఎక్కడ ముగిసిందో మనమే గుర్తు పెట్టాలని వాళ్లు కళ్లతో చూడాలి. ‘ఎర్రర్’ ఈవెంట్‌ను వినకపోతే అవతలివాడు కనెక్షన్ తెంచిన మరుక్షణం మొత్తం ప్రోగ్రామ్ ఎలా కూలిపోతుందో చూడాలి. సెల్ టవర్ సిగ్నల్ పోయి వచ్చే మన లంక గ్రామాల్లో ఇది రోజూ జరిగే సంగతి. తర్వాత అదే సంభాషణను వైర్‌షార్క్‌లో తెరిచి, తాము పంపిన పాస్‌వర్డ్ అక్షరం అక్షరం బయట కనబడటం చూస్తే, టీఎల్‌ఎస్ ఎందుకని వేరే పాఠం చెప్పనక్కరలేదు.

సాదా కనెక్షన్ తప్పేమీ కాదని కూడా చెప్పండి. అది ఎక్కడ సరైనదో చెప్పకపోవడమే తప్పు. ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ పెట్టి టీఎల్‌ఎస్‌ను అక్కడే ముగించి, అదే యంత్రంలో వెనకనున్న నోడ్ ప్రోగ్రామ్‌కు సాదా హెచ్‌టీటీపీలో పంపడం రోజూ అందరూ చేసే పని, మంచి పని. అయితే ఆ నోడ్ సర్వర్ 127.0.0.1 (ఆ యంత్రానికే పరిమితమైన చిరునామా) మీద మాత్రమే వినాలి. లిజన్‌కు పోర్టు నంబరొక్కటే ఇచ్చి వదిలేస్తే నోడ్ ఆ యంత్రానికి ఉన్న అన్ని నెట్‌వర్క్ చిరునామాల మీదా వింటుంది. అంటే ముందు తలుపుకు కాపలా పెట్టి పెరటి తలుపు బార్లా తెరిచినట్టే అవుతుంది. ఇలాంటి సర్వర్లు ఎన్నో చూశాను. హోస్ట్ చిరునామా రాయడం ఒక్క పదం పని. ఇక్కడే మరో చిన్న సంగతి: నోడ్ 17 నుంచి ‘లోకల్‌హోస్ట్’ (ఇదే యంత్రం) అనే పేరు చాలా యంత్రాల్లో ముందుగా కొత్త తరహా ఐపీవీ6 చిరునామాకు వెళుతోంది. సర్వర్ 127.0.0.1 మీద వింటుంటే, నోడ్ 20కి ముందున్న ఆ వెర్షన్లలో క్లయింట్‌కు ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని వస్తుంది. పాత ల్యాబ్ మాన్యువళ్లతో తంటాలు పడుతున్న పిల్లలకు ఈ ఒక్క ముక్క చెబితే ఎంతో సమయం మిగులుతుంది.

సాదా సాకెట్ చేతికి అలవాటయ్యాక టీఎల్‌ఎస్‌కు మారడం నోడ్‌లో కష్టం కాదు. ‘నెట్’ మాడ్యూల్ బదులు ‘టీఎల్‌ఎస్’ మాడ్యూల్, సర్వర్‌కు ఒక ప్రైవేట్ కీ, ఒక సర్టిఫికెట్. క్లయింట్‌లో ‘కనెక్ట్’ ఈవెంట్ బదులు ‘సెక్యూర్ కనెక్ట్’ కోసం ఎదురుచూడటం. తర్వాత రాయడం, చదవడం అంతా మామూలే, ఎందుకంటే టీఎల్‌ఎస్ సాకెట్ కూడా సాదా సాకెట్‌లాగే రెండు వైపులా నడిచే స్ట్రీమ్. అందుకని సంభాషణ నియమాలు రాసే కోడ్‌ను కనెక్షన్ పెట్టే కోడ్ నుంచి విడదీయమని చెప్పండి. సెన్సర్ పంపిన పంక్తిని చదివి జవాబిచ్చే ఫంక్షన్‌కు ఒక సాకెట్ ఇస్తే చాలు, అది ఏ రకమో దానికి తెలియనక్కరలేదు. ఆ అలవాటు ఉన్న విద్యార్థికి సాదా సర్వర్‌ను సురక్షితం చేయడం ఒక ఫైలులో మార్పు. లేనివాడికి ప్రాజెక్టంతా తిరగరాత.

ఇక అసలు విషయం, ఎర్రర్లు. సర్టిఫికెట్ పరీక్ష విఫలమైనప్పుడు నోడ్ ఊరికే ‘కుదరదు’ అనదు, కారణం చెబుతుంది. ఆ కారణాల్లో మనకు తరచు ఎదురయ్యేవి కొన్నే, ప్రతిదానికీ వేరే మందు ఉంది. అన్నిటికీ కలిపి ఒకే మాత్ర వేస్తున్నాం కాబట్టే ఈ లేఖ.

పిల్లల్ని అందరికంటే ఎక్కువగా తికమకపెట్టేది ‘అన్‌ఏబుల్ టు వెరిఫై లీఫ్ సిగ్నేచర్’. బ్రౌజర్‌లో అదే వెబ్‌సైట్ చక్కగా తెరుచుకుంటుంది, నోడ్‌లో మాత్రం ఈ ఎర్రర్. దాంతో నోడ్‌లోనే ఏదో లోపముందని నిర్ణయించేస్తారు. జరిగేది ఇది: సర్వర్ సర్టిఫికెట్‌ను సాధారణంగా ఒక మధ్యస్థ సంస్థ సర్టిఫికెట్ సంతకం చేస్తుంది, దాన్ని మూల సంస్థ సర్టిఫికెట్ సంతకం చేస్తుంది. మూల సర్టిఫికెట్లు నోడ్ దగ్గర ఉంటాయి, మొజిల్లా నమ్మే జాబితాను నోడ్ తనలోనే కలుపుకొని వస్తుంది. మధ్య సర్టిఫికెట్‌ను మాత్రం సర్వరే తన దానితోపాటు పంపాలి. పంపడం మరిచిపోతే బ్రౌజర్లు దాన్ని తామే తెచ్చుకోవడమో, ముందే దాచుకున్నదాన్ని వాడుకోవడమో చేసి సర్దుకుంటాయి. నోడ్ అలా చేయదు. కాబట్టి దీని మందు క్లయింట్‌లో లేదు, సర్వర్‌లో ఉంది. ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్లను సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్‌తో తీసుకుంటే ‘సర్ట్’, ‘ఫుల్‌చైన్’ అని రెండు ఫైళ్లు కనబడతాయి. పేరు చూసి చాలామంది మొదటిదాన్ని పెడతారు. పెట్టాల్సింది ఫుల్‌చైన్. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సాధనంలోని ‘ఎస్ క్లయింట్’ ఆదేశానికి ‘షో సర్ట్స్’ జతచేసి చూస్తే సర్వర్ ఎన్ని సర్టిఫికెట్లు పంపుతోందో తెలిసిపోతుంది. ఒక్కటే వస్తుంటే రోగం అదే.

‘సెల్ఫ్ సైన్డ్ సర్ట్ ఇన్ చైన్’ అనే ఎర్రర్‌కు కళాశాలల్లో ఒక ప్రత్యేక కారణం ఉంది, దానికి మూలం మీ ల్యాబ్‌లోనే ఉండవచ్చు. అనేక కళాశాలల ఫైర్‌వాల్ బయటకు వెళ్లే హెచ్‌టీటీపీఎస్‌ను విప్పి చూసి, తన సొంత సర్టిఫికెట్‌తో మళ్లీ మూసి లోపలికి పంపుతుంది. ఆ ఫైర్‌వాల్ మూల సర్టిఫికెట్‌ను ల్యాబ్ కంప్యూటర్లలో విండోస్‌కు నేర్పి ఉంటారు కాబట్టి బ్రౌజర్ మాట్లాడదు. నోడ్ మామూలుగా విండోస్ జాబితాను చూడదు, తన జాబితానే చూస్తుంది, అందుకే ప్యాకేజీలు దించుకునే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ దగ్గరే ఆగిపోతుంది. విద్యార్థి ఎన్‌పీఎంలో ‘స్ట్రిక్ట్ ఎస్‌ఎస్‌ఎల్’ను ఆపేస్తాడు, ఆ తర్వాత ‘నోడ్ టీఎల్‌ఎస్ రిజెక్ట్ అన్‌ఆథరైజ్డ్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు (ప్రోగ్రామ్‌కు బయటి నుంచి ఇచ్చే అమరికకు) సున్నా ఇస్తాడు. ఆ సున్నా ఒక్క కనెక్షన్‌కు కాదు, ఆ ప్రోగ్రామ్ చేసే ప్రతి టీఎల్‌ఎస్ కనెక్షన్‌కూ పరీక్షను తీసేస్తుంది. రేపు అదే కోడ్‌లో రైతు డబ్బు కట్టే పేమెంట్ గేట్‌వే పిలుపు ఉంటే దానికి కూడా. ఇది సురక్షితం కాదని నోడ్ స్వయంగా తెరమీద హెచ్చరిక రాస్తుంది, దాన్నీ ఎవరూ చదవరు. సరైన దారి సులువైనది: ఫైర్‌వాల్ మూల సర్టిఫికెట్ ఫైలును ‘నోడ్ ఎక్స్‌ట్రా సీఏ సర్ట్స్’ అనే వేరియబుల్‌లో చూపించడం. ప్రోగ్రామ్ మొదలయ్యే క్షణంలో మాత్రమే నోడ్ దాన్ని చదువుతుంది కాబట్టి కోడ్ లోపల పెట్టినా, డాట్ఎన్వ్ ప్యాకేజీ ద్వారా చదివించినా పనిచేయదు, టెర్మినల్‌లోనే ముందు పెట్టాలి. ఇటీవలి నోడ్ వెర్షన్లలో ఆపరేటింగ్ సిస్టమ్ జాబితాను కూడా నమ్మమని చెప్పే ‘యూజ్ సిస్టమ్ సీఏ’ అనే ఫ్లాగ్ ఉంది, అది ఇంకా తేలిక.

మిగతావి త్వరగా చెబుతాను. ‘ఆల్ట్‌నేమ్ ఇన్‌వ్యాలిడ్’ అంటే సర్టిఫికెట్ మంచిదే, మనం పిలిచిన పేరు దానిలో లేదు. పిల్లలు సర్వర్‌ను ఐపీ అంకెలతో పిలిచి, డొమైన్ పేరుతో తీసుకున్న సర్టిఫికెట్‌ను చూపిస్తుంటారు. పేరుతో పిలవాలి, అంతే. ‘సర్ట్ హ్యాజ్ ఎక్స్‌పైర్డ్’ అంటే గడువు తీరింది, లేదా పరికరంలో గడియారం ముందుకు పోయింది. గడియారం వెనకబడితే ‘సర్ట్ నాట్ యెట్ వ్యాలిడ్’ అని వస్తుంది. కరెంటు పోయి వచ్చాక బ్యాటరీ గడియారం లేని చిన్న బోర్డు తాను 1970లో ఉన్నాననుకుంటుంది, అప్పుడు గడువు చూసే లైబ్రరీకి సర్టిఫికెట్ ఇంకా మొదలుకానట్టే కనబడుతుంది. ముందు ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ నుంచి సమయం తెచ్చుకునే పద్ధతి) సమయం సరిచేసుకుని తర్వాత కనెక్ట్ కావాలి. తుపాను రోజుల్లో కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో మనకు ఒకరు చెప్పాలా! ‘రాంగ్ వెర్షన్ నంబర్’ అని వస్తే వెర్షన్ గొడవ అనుకుని గంటలు పోగొట్టుకుంటారు. ఎక్కువసార్లు దాని అర్థం, టీఎల్‌ఎస్ క్లయింట్ వెళ్లి సాదా పోర్టును తట్టిందని. పరికరాల సందేశాలను అందించే ఎంక్యూటీటీ బ్రోకర్‌కు 1883 సాదా పోర్టు, 8883 టీఎల్‌ఎస్ పోర్టు, ఈ రెండూ తారుమారైతే ఇదే కథ.

సాదాగా మొదలై మధ్యలో సురక్షితంగా మారే కనెక్షన్లు వేరే పాఠం కావాలి, ఎందుకంటే అక్కడ మోసం నిశ్శబ్దంగా జరుగుతుంది. మెయిల్ 587 పోర్టులో అలాగే నడుస్తుంది: ముందు సాదాగా పలకరింపు, తర్వాత ‘స్టార్ట్ టీఎల్‌ఎస్’ అనే ఆదేశం, అప్పుడు ఎన్‌క్రిప్షన్. మెయిల్ పంపే నోడ్‌మెయిలర్ లైబ్రరీలో ‘సెక్యూర్’ను ఫాల్స్ అని రాస్తే కనెక్షన్ సాదాగానే ఉండిపోతుందని కాదు, సర్వర్ ఇవ్వగలనంటేనే మారుతుందని అర్థం. మధ్యలో ఉన్నవాడు ఆ ‘ఇవ్వగలను’ అనే మాటను తుడిచేస్తే పాస్‌వర్డ్ సాదాగానే పోతుంది, ఏ ఎర్రరూ రాదు. ‘రిక్వైర్ టీఎల్‌ఎస్’ అని గట్టిగా అడగాలి, లేదా మొదటి బైట్ నుంచే టీఎల్‌ఎస్ ఉండే 465 వాడాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కూడా అంతే. క్లయింట్ 8 బైట్ల అభ్యర్థన పంపుతుంది, సర్వర్ ఒకే ఒక్క అక్షరంతో అవుననో కాదనో చెబుతుంది, ఔనంటే అదే సాకెట్ మీద టీఎల్‌ఎస్ మొదలవుతుంది. నోడ్‌లో ఈ మార్పిడిని విద్యార్థే చేసి చూడవచ్చు: నెట్‌తో పెట్టిన సాకెట్‌ను టీఎల్‌ఎస్ కనెక్ట్‌కు ‘సాకెట్’ ఆప్షన్‌గా ఇచ్చి, ఏ పేరుతో పోల్చాలో ‘సర్వర్‌నేమ్’లో చెప్పాలి. ఆ క్షణం నుంచి పాత సాదా సాకెట్‌ను ముట్టుకోకూడదు.

ఇదే జాతికి చెందిన మరో తప్పు విద్యార్థుల కోడ్‌లో తరచు కనబడుతుంది: కీ ఫైలు దొరికితే హెచ్‌టీటీపీఎస్, దొరకకపోతే హెచ్‌టీటీపీ అని రాసిన ‘ఇఫ్, ఎల్స్’. సొంత ల్యాప్‌టాప్‌లో సౌకర్యంగా ఉంటుంది. సర్వర్‌లో ఏదో రోజు ఫైలు పేరు మారుతుంది, లేదా చదివే అనుమతి పోతుంది, ప్రోగ్రామ్ ఎవరికీ చెప్పకుండా సాదాకు దిగిపోతుంది. కీ దొరకకపోతే ప్రోగ్రామ్ మొదలుకాకుండా అరిచి ఆగిపోవాలి. సాదా కావాలంటే సాదా అని కాన్ఫిగరేషన్‌లో స్పష్టంగా రాయాలి. ఇది ఒక నియమంగా నేర్పితే చాలు.

కీల సంగతి కూడా ఒక మాట. ప్రైవేట్ కీని ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి తెచ్చుకుని అలాగే గిట్‌హబ్‌కు ఎక్కించినవారి ప్రాజెక్టులు కూడా చూశాను. ఒకసారి బయటపడిన కీని తొలగిస్తే సరిపోదు, గిట్ చరిత్రలో ఉంటుంది, కొత్త కీ తీసుకోవాల్సిందే. ఇక లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ 90 రోజులది. సర్ట్‌బాట్ కొత్తది తెచ్చి డిస్కులో పెట్టినా, నోడ్ మొదలైనప్పుడు చదివిన పాతదాన్నే చూపిస్తూ ఉంటుంది. పునఃప్రారంభించాలి, లేదా ‘సెట్ సెక్యూర్ కాంటెక్స్ట్’ అనే మెథడ్‌తో నడుస్తుండగానే మార్చాలి. సర్టిఫికెట్ సంస్థలు, బ్రౌజర్ తయారీదారులు కలిసి 2025లో తీసుకున్న నిర్ణయం ప్రకారం 2029 మార్చి నాటికి బహిరంగ సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 47 రోజులకు తగ్గుతుంది. చేత్తో మార్చుకునే రోజులు పోతున్నాయి, ఇప్పుడు మొదటి సంవత్సరంలో ఉన్న పిల్లలు ఆ ప్రపంచంలోకే వెళతారు.

చిన్న పరికరాల్లో టీఎల్‌ఎస్ బరువవుతుందన్న వాదనలో కొంత నిజముంది. అయితే బరువులో ఎక్కువ భాగం కనెక్షన్ పెట్టేటప్పుడే. ప్రతి రీడింగుకూ కొత్త కనెక్షన్ తెరిచి మూయకుండా, ఒకటే తెరిచి ఉంచితే ఆ ఖర్చు కనబడదు. సిమ్‌తో నడిచే పాత జీఎస్‌ఎం మాడ్యూల్‌కు టీఎల్‌ఎస్ 1.2 రాకపోతే, దానికోసం సర్వర్ మొత్తానికి కనీస వెర్షన్ తగ్గించేయడం మాత్రం వద్దు. నోడ్ 12 నుంచి కనీసం 1.2 ఉండటానికి కారణం ఉంది, 1.0, 1.1లను 2021లోనే ప్రమాణాల సంస్థ పక్కన పెట్టేసింది. అలాంటి పరికరానికి సాదా కనెక్షనే ఇచ్చి, ప్రతి సందేశానికీ ఆ పరికరపు సొంత రహస్య కీతో హెచ్‌మ్యాక్ సంతకం (ఆ కీ ఉన్నవారే వేయగల ముద్ర), పాత సందేశాన్ని తిరిగి ఆడించకుండా పెరుగుతూ పోయే ఒక సంఖ్య జతచేయండి. నోడ్ క్రిప్టో మాడ్యూల్‌లో దీనికి కావలసినవన్నీ ఉన్నాయి. అందరూ చదవగలరు, ఎవరూ ‘ఆపు’ అని నకిలీ చేయలేరు. చెరువుకు కావలసింది అదే.

కొత్త పరికరాలకైతే రెండు వైపులా సర్టిఫికెట్లు పెట్టండి. సర్వర్‌లో ‘రిక్వెస్ట్ సర్ట్’ను ట్రూ చేసి, మన సొంత సీఏను (సర్టిఫికెట్లు జారీచేసే మూల సర్టిఫికెట్‌ను) ‘సీఏ’ ఆప్షన్‌లో ఇస్తే, మనం జారీ చేసిన పెట్టెలు తప్ప వేరేవి లోపలికి రాలేవు. మన పరికరాలకు మన సీఏ చాలు, బయటి సంస్థకు రూపాయి కట్టనక్కరలేదు. అయితే క్లయింట్‌లో ‘సీఏ’ ఆప్షన్ ఇస్తే అది నోడ్ జాబితాకు తోడవదు, దాని స్థానంలోకి వస్తుంది. అవే ఆప్షన్లతో బయటి వెబ్‌సైట్‌ను పిలిస్తే విఫలమవుతుంది, అప్పుడు మళ్లీ ఆ ఫాల్స్ గుర్తుకు రాకూడదు. టీఎల్‌ఎస్ 1.3లో మరో మెలిక: సర్వర్ పరికరపు సర్టిఫికెట్‌ను చూసి తేల్చకముందే పరికరం వైపు ‘సెక్యూర్ కనెక్ట్’ వచ్చేస్తుంది. కనెక్ట్ అయిందని సంబరపడకుండా, సర్వర్ నుంచి మొదటి జవాబు వచ్చేదాకా ఆగాలి.

ఇవన్నీ ఒక్క ల్యాబ్ సెషన్‌లో చూపించే పద్ధతి ఒకటి సూచిస్తాను. విద్యార్థుల్ని ముగ్గురేసి కూర్చోబెట్టండి. ఒకరు సర్వర్, ఒకరు క్లయింట్, ఒకరు దొంగ. సర్వర్ విద్యార్థి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో తన సీఏను, దానితో ఒక పేరుకు సర్టిఫికెట్‌ను తయారుచేస్తాడు. క్లయింట్ ఆ సీఏను ఇవ్వకుండా కనెక్ట్ అయి ఎర్రర్ చదువుతాడు, ఇచ్చి కనెక్ట్ అవుతాడు, అంకెలతో పిలిచి పేరు తప్పన్న ఎర్రర్ చదువుతాడు. ఇప్పుడు క్లయింట్ యంత్రంలోని హోస్ట్స్ ఫైలును మార్చి ఆ పేరును దొంగ కంప్యూటర్‌కు మళ్లించండి. దొంగ తన సొంత సీఏతో అదే పేరుకు సర్టిఫికెట్ చేసుకుని ఎదురుచూస్తుంటాడు. కనెక్షన్ నిలబడదు. తర్వాత క్లయింట్‌తో ఆ ఒక్క ఆప్షన్‌ను ఫాల్స్ చేయించండి. తాను పంపిన పాస్‌వర్డ్ పక్క కుర్చీలోని స్నేహితుడి తెరమీద ప్రత్యక్షమవుతుంది. ఆ ముగ్గురూ జీవితంలో మళ్లీ ఆ పంక్తి రాయరని నా నమ్మకం.

ప్రాజెక్టు మార్కుల విషయంలో నా విన్నపం కఠినంగానే ఉంటుంది, క్షమించండి. మౌఖిక పరీక్షకు ముందు కోడ్‌లో ఆ ఆప్షన్ పేరును, ఆ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పేరును వెతికించండి. దొరికితే ఏ ఎర్రర్‌ను దాటడానికి పెట్టారో విద్యార్థి చెప్పాలి. చెప్పలేకపోతే నివేదికలో ‘సురక్షితమైనది’ అన్న మాటను కొట్టేయించండి. రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఉండే ప్రాజెక్టుల్లో ఇది ఇంకా అవసరం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, తగిన భద్రత పాటించక సమాచారాన్ని పోగొట్టిన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయవచ్చంటోంది. మన పిల్లలు రేపు కూర్చునేది అలాంటి సంస్థల్లోనే.

మీలో ఎవరికైనా ఆ ముగ్గురి ల్యాబ్‌ను నడపడానికి తోడు కావాలంటే నరసాపురం నుంచి కాకినాడ దాకా ఎక్కడికైనా వస్తాను. ఒక స్టార్టర్ పెట్టెను, ఒక సెన్సర్ బోర్డును వెంట తెస్తాను. అంతకన్నా ముందు ఈ వారమే చేయగలిగినది ఒకటుంది. మీ కళాశాల ఫైర్‌వాల్ టీఎల్‌ఎస్‌ను విప్పుతోందేమో నెట్‌వర్క్ నిర్వాహకుణ్ని అడగండి. విప్పుతుంటే దాని మూల సర్టిఫికెట్ ఫైలు తీసుకుని, అది ల్యాబ్ సర్వర్‌లో ఎక్కడుందో, ఏ వేరియబుల్‌లో చూపించాలో రెండు పంక్తుల్లో నోటీసు బోర్డు మీద అంటించండి.

ఇట్లు
చెరువు పరికరాలకు సర్వర్లు రాసే ఒక ప్రోగ్రామర్,
భీమవరం